బుడగ బండి ఎడమ చక్రం

రాజోలు నుంచి తాటిపాక వెళ్ళే రోడ్డులో, కాలవ వంతెన పక్కన ఏసుదాసు పంక్చర్ల షాపు ఉండేది. షాపంటే ఒక తాటాకు పాక, ముందు బల్ల, నీళ్ళ తొట్టి, లారీ టైర్లకు గాలి కొట్టే పెద్ద పంపు. యాభై దాటిన ఏసుదాసు ముప్పై ఏళ్ళుగా అక్కడే సైకిళ్ళకీ, రిక్షాలకీ, ట్రాక్టర్లకీ పంక్చర్లు వేస్తున్నాడు. గాలి నింపిన ట్యూబుని చెంప దగ్గర తిప్పి, నీళ్ళలో ముంచకుండానే చిల్లు ఎక్కడుందో చెప్పేవాడు. ఆ చుట్టుపక్కల అతని పనిని శంకించినవాళ్ళు లేరు. అతని మాటనీ అంతే.

ఎనభై నాలుగో సంవత్సరం వరి కోతలప్పుడు ఆ ప్రాంతానికి ఒక సర్వే కంపెనీ వచ్చింది. నేల అడుగున నూనె, గ్యాసు ఉన్నాయేమో చూడ్డానికి చేలకి అడ్డంగా తీగలు పరిచి, గోతుల్లో మందు పేల్చేవారు. మూతపడిన రైసుమిల్లు ఆవరణలో వాళ్ళ క్యాంపు. జీపులు, లారీలతో పాటు విదేశం నుంచి ఒక వింత బండి తెచ్చారు. మోటారు సైకిలు లాంటిదే గాని దానికి మూడు చక్రాలు. ఒక్కో చక్రం గుమ్మడికాయలా లావుగా, మెత్తగా ఉండేది. ట్రాక్టరు దిగబడిపోయే ఊబిలో కూడా ఆ బండి తేలుతున్నట్టు పోయేది. జనం దాన్ని బుడగ బండి అన్నారు. ఆ బండి సంగతులు తెలిసిన దొర ఒకాయన వచ్చాడు గాని, నెల తిరక్కుండానే కామెర్లు తగిలి వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు బంగారరాజు అనే జీపు డ్రైవరుకి సైగలతో తోలడం నేర్పాడు. మిగతావి నేర్పే వ్యవధి లేకపోయింది.

ఒక మంగళవారం పొద్దున్న బంగారరాజు ఆ బండి ఎడమ వెనక చక్రాన్ని ఊడదీసి, జీపులో వేసుకుని ఏసుదాసు దగ్గరికి వచ్చాడు.

"సాయంత్రం గాలి కొడితే తెల్లారేసరికి కూలబడిపోతోందండి, నాల్రోజుల బట్టీ. మేకు గట్రా ఏమీ దిగలేదు. అంతా చూసేను," అన్నాడు.

"సన్న చిల్లు అయ్యుంటాదండి. అలా బల్ల మీద పెట్టండి."

"నేను పోస్టాఫీసుకెళ్ళి క్యాంపు ఉత్తరాలు పడేసి వచ్చేస్తాను. ఈలోపు విప్పి చూస్తారా?"

"ఆయ్, వెళ్ళి రండి."

బంగారరాజు వెళ్ళాక ఏసుదాసు ఉన్న కొద్దిపాటి గాలీ వదిలేసి, చక్రాన్ని నేల మీద పడుకోబెట్టాడు. టైరు అంచు ఇనప రిమ్ముకి అతుక్కుపోయినట్టు బిగిసి ఉంది. ఏ ట్రాక్టరు టైరూ అంత మొండికెయ్యలేదు. ఎక్కి తొక్కి, ఇనప పట్టీలు దూర్చి లేవదీస్తే చివరికి టప్పున ఊడింది. అలవాటుగా లోపలికి చెయ్యి పెట్టి ట్యూబు కోసం తడిమాడు. వేళ్ళకి ఏమీ తగల్లేదు. ఇటు పక్క తగలకపోతే అటు పక్క ఉంటుందని మోచేతి దాకా దూర్చి చుట్టూ తిప్పాడు. నున్నటి రబ్బరు, కాస్త చెమ్మ. అంతే.

టైరు పూర్తిగా బయటికి లాగి వెలుగులోకి ఎత్తి చూశాడు. ఖాళీ. రిమ్ము చూశాడు. గాలి ఎక్కించే వాల్వు మాత్రం రిమ్ముకి పట్టుకుని ఉంది. ట్యూబు వాల్వు దగ్గర తెగిపోయిందనుకున్నాడు. తెగితే తెగిన ట్యూబు ఏమైంది? బల్ల కింద చూశాడు. తొట్టిలో చూశాడు. జీపు ఆగిన చోటి దాకా నేలంతా చూశాడు.

అప్పటికి బంగారరాజు వచ్చాడు. "దొరికిందాండీ చిల్లు?"

ఏసుదాసు అతనివైపు చూసి, "ట్యూబు మీరే తీసేసేరా?" అని అడిగాడు.

"నేనా? నాకు టైరు విప్పడమే రాదు గదండీ."

"ఇందులో లేదండి."

బంగారరాజు నవ్వబోయాడు. ఏసుదాసు మొహం చూసి ఆగిపోయాడు. తనూ చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత బంగారరాజు, "స్టోరు బాబుగారికి చెప్పాలండి. నా చేతిలో ఏముంది," అంటూ అతన్నీ, చక్రాన్నీ జీపెక్కించాడు.

క్యాంపులో సామాన్లన్నిటికీ పూచీ కామేశ్వరరావుది. కొత్తపేట మనిషి. పదకొండు నెలల తాత్కాలిక ఉద్యోగం. విదేశం నుంచి వచ్చిన ప్రతి వస్తువుకీ సంతకం పెట్టి తీసుకున్నవాడు కాబట్టి ఏది పోయినా ఆయన మెడకే చుట్టుకుంటుంది. టైరు లోపలికి తొంగి చూసి, కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ తొంగి చూశాడు.

"నిన్న సాయంత్రం ఈ బండి తిరిగిందా?" అని బంగారరాజుని అడిగాడు.

"తిరిగిందండి. పొన్నమండ దాకా వెళ్ళొచ్చేను."

"గాలి ఉందా?"

"ఉందండి. తెల్లారేసరికి తగ్గింది గాని బొత్తిగా పోలేదు."

కామేశ్వరరావు ఏసుదాసు వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. "ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాడివి. నువ్వే చెప్పు. ట్యూబు లేకుండా చక్రంలో గాలి నిలుస్తుందా?"

"నిలవదండి," అన్నాడు ఏసుదాసు.

"అయితే పొద్దున్న దాకా ట్యూబు ఉన్నట్టే గదా?"

"ఉన్నట్టేనండి."

"విప్పినప్పుడు ఎవరున్నారు దగ్గర?"

"నేనొక్కణ్ణేనండి."

చెప్పాక గాని తన మాటలు తనని ఎక్కడికి తెచ్చాయో ఏసుదాసుకి అర్థం కాలేదు. చుట్టూ చేరిన కూలీల్లో ఎవరో గొంతు సవరించుకున్నారు. అందరి కళ్ళూ తన చేతుల మీదే ఉన్నట్టనిపించింది. బంగారరాజు నేల చూపులు చూస్తున్నాడు.

"నిన్ను ఏమీ అనను," అన్నాడు కామేశ్వరరావు. "పొరపాటున ఎక్కడో పెట్టి ఉంటావు. శనివారం రాజమండ్రి నుంచి ఇంజనీరు గారు వస్తారు. ఈలోపు ట్యూబు వేసి చక్రం తెచ్చేయి. ఎవరికీ చెప్పను."

ఎవరికీ చెప్పనన్న ఆ మాట ఏసుదాసుకి కత్తిలా దిగింది. చక్రం నెత్తిన పెట్టుకుని కాలవ గట్టు మీద నడిచి వచ్చాడు.

ఆ సాయంత్రం ఏసుదాసు భార్య రమణమ్మ కొబ్బరిపీచు తాళ్ళు పేనే పని నుంచి వచ్చేసరికి పాకలోని సామానంతా బయట ఉంది. మొగుడు పాత ట్యూబుల కుప్ప ముందు కూర్చుని ఒక్కొక్కటే విప్పి చూస్తున్నాడు.

"ఏం వెతుకుతున్నావయ్యా?"

జరిగింది చెప్పాడు. ఆమె విని, "నువ్వు తీయలేదు గదా," అంది.

"తీయలేదనే అనుకుంటున్నాను."

"అనుకోవడం ఏంటి?"

"మొన్న దండెం మీద చొక్కా ఉంటే ఇల్లంతా వెతికేను గదా. అలాగే తీసి ఎక్కడన్నా పెట్టేనేమో. గాలి నిలిచిందంటే ట్యూబు ఉండాల. ట్యూబు ఉంటే నేనే తీసుండాల. మరింకెవరు తీస్తారు? ఎటునుంచి లెక్కేసినా నా దగ్గరికే వస్తోంది."

రమణమ్మ అతని పక్కన కూర్చుని తనూ వెతికింది. రెండు రిక్షా ట్యూబులు, ఒక స్కూటరు ట్యూబు, ట్రాక్టరు ట్యూబు ముక్కలు, మిగతావన్నీ సైకిలువి. ఆ లావు టైరులో పట్టేది ఒక్కటీ లేదు.

"ఇంతలావు ట్యూబు దాచడానికి ఈ పాకలో చోటేదీ?" అంది. అది నిజమేననిపించింది ఏసుదాసుకి. కాని ఊరట కలగలేదు. లేనిది ఎలా మాయమైందో, ఉన్నది ఎలా కనబడ్డం లేదో ఏదీ తేలక, బుధవారమంతా వచ్చిన సైకిళ్ళకి పంక్చర్లు వేస్తూ, ప్రతి ట్యూబునీ రెండేసి సార్లు చూసుకున్నాడు. ఒక రిక్షా అతను ఆ సంగతి విన్నట్టున్నాడు, చక్రం విప్పుతుంటే దగ్గరే నిలబడ్డాడు. ఎప్పుడూ నిలబడేవాడు కాదు.

గురువారం పొద్దున్న ఏసుదాసు ఒక నిశ్చయానికి వచ్చాడు. ఉన్న స్కూటరు ట్యూబునే ఎలాగో సర్ది, అతుకులేసి పెద్దది చేసి అందులో పెట్టేద్దామనుకున్నాడు. రిమ్ముని ఒళ్ళో పెట్టుకుని, ట్యూబు వాల్వు బయటికి దూర్చడానికి చిల్లు కోసం వెతికాడు. చిల్లు ఒకటే ఉంది. అందులో పాత వాల్వు ఉంది. దాన్ని లోపలికి తోశాడు. కదల్లేదు. బయటికి లాగాడు. రాలేదు. లోపలివైపు నుంచి చూస్తే వాల్వు అడుగు గుండ్రంగా, నున్నగా ఉంది. తెగిన గుర్తు లేదు. రబ్బరు అతికిన మచ్చ లేదు. దాన్ని రిమ్ములోకే బిగించి కూర్చోబెట్టారు.

"రమణమ్మా, ఇలా రా," అని పిలిచాడు. ఆమె వచ్చింది. "ఇందులో ట్యూబు పెట్టాలంటే దాని వాల్వు ఎటునుంచి వస్తాది?"

"నాకేం తెలుసు?"

"రావడానికి చోటు లేదు. చూడు. ఈ చక్రం చేసినవాడు ట్యూబుకి దారే పెట్టలేదు."

"దారి లేకపోతే లోపలికెలా వెళ్ళింది?"

"అదే. వెళ్ళలేదేమో."

అన్నాడే గాని నమ్మలేదు. ట్యూబే లేకపోతే గాలి ఎందులో ఉన్నట్టు? టైరులోనా? టైరు రిమ్ము మీద ఊరికే కూర్చుంటుంది. ఆ రెంటికీ మధ్య సందు ఉండదా? సందు ఉంటే గాలి ఆగుతుందా? ఆగదు. కాని మంగళవారం దాకా నాలుగు రోజులు ఈ చక్రం చేసింది అదే. బొత్తిగా ఆగలేదు, బొత్తిగా పోనూ లేదు. రాత్రంతా సన్నగా కారింది.

టైరు అంచుని వేలితో తడుముతూ వెళ్ళాడు. ఒకచోట గరుకు తగిలింది. ఎండిన బురద, అందులో ఇరుక్కుని కొబ్బరిపీచు పోగులు రెండు. సరిగ్గా దానికి ఎదురుగా రిమ్ము అంచు తుప్పుపట్టి పొక్కులు లేచింది. ఉప్పునీటి మడుగుల్లో తిరిగిన బండి. మిగతా అంచంతా అద్దంలా ఉంది.

అతను గంటసేపు ఆ తుప్పుని గరుకు కాగితంతో రుద్దాడు. టైరు అంచుని పీచుతో తోమి, సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాడు. పంక్చర్లకి వాడే సొల్యూషను పల్చగా అంచు చుట్టూ పూశాడు. టైరుని రిమ్ముకి ఎక్కించి పంపు తగిలించాడు. ఎంత కొట్టినా గాలి బుస్సుమని అంచుల్లోంచి వచ్చేస్తోంది. టైరు అంచులు రిమ్ముని తాకడమే లేదు. చేతులతో ఒత్తితే ఒకవైపు ఆనుతుంది, రెండోవైపు వదిలేస్తుంది. నలభైసార్లు కొట్టి చెమటతో కూలబడ్డాడు. ట్యూబు లేకుండా చక్రంలో గాలి నిలవదని తను కామేశ్వరరావుతో అన్నది తప్పేం కాదనిపించింది.

రమణమ్మ చూస్తూ నిలబడింది. "నడుం దగ్గర గట్టిగా బిగిస్తే అంచులు బయటికి తోసుకొస్తాయి గదా," అంది.

"దేనికి నడుం?"

"ఆ టైరుకి. గడ్డిమోపు కట్టేటప్పుడు తాడులో కర్ర పెట్టి మెలేస్తాం, నడుం నొక్కుకుని రెండు చివర్లూ విచ్చుకుంటాయి. అలాగ."

తను పేనిన తాడే తెచ్చింది. టైరు చుట్టూ మధ్యగా బిగించి, ముడిలో రోకలిబండంత కర్ర దూర్చి మెలిపెట్టింది. టైరు నడుం లోపలికి నొక్కుకుపోయి, అంచులు రెండూ రిమ్ముకి ఆనుకున్నాయి. ఏసుదాసు అంచుకి సబ్బు నురగ రాసి పంపు కొట్టాడు. ఈసారి బుస్సుమనలేదు. ఎనిమిదో దెబ్బకో తొమ్మిదో దెబ్బకో టక్కుమని ఒక అంచు రిమ్ములో కూర్చున్న చప్పుడు, వెంటనే రెండోదీ. రమణమ్మ భయపడి కర్ర వదిలేసింది. తాడు విప్పినా టైరు అలాగే నిలిచి ఉంది.

చక్రాన్ని కాలవలో ముంచి చుట్టూ చూశారు. ఒక్క బుడగ రాలేదు. ఏసుదాసు అలవాటు కొద్దీ చెంప ఆనించాడు. ఏమీ తగల్లేదు. సంతోషించాలో లేదో తెలియలేదు. మర్నాడంతా బల్ల మీదే ఉంచి, గంటకోసారి వేలితో నొక్కి చూశాడు. తగ్గలేదు.

శనివారం పొద్దున్నే, ఇంజనీరు రాకముందే, చక్రం దొర్లించుకుంటూ క్యాంపుకి వెళ్ళాడు. కామేశ్వరరావు గాలితో నిండిన టైరుని నొక్కి చూసి పెద్దగా ఊపిరి వదిలాడు. మొహంలో నిజంగానే ఊరట కనిపించింది.

"మంచి పని చేసేవయ్యా. దొరికిందన్నమాట. నేను చెప్పలేదా, ఎక్కడో పెట్టి ఉంటావని. ఇంక ఈ విషయం ఇక్కడితో వదిలేద్దాం."

ఏసుదాసుకి ఒక క్షణం అర్థం కాలేదు. "ఏది దొరికిందండి?"

"ట్యూబు."

"ట్యూబు దొరకలేదండి. ఇందులో ట్యూబు లేదు."

కామేశ్వరరావు నవ్వాడు. "ఇంకా ఎందుకయ్యా? తెచ్చి పెట్టేవు. నేనేమైనా అన్నానా?"

పక్కనే ఉన్న బంగారరాజు కూడా, "పోన్లెండి ఏసుదాసు గారూ, అయిపోయింది గదా," అన్నాడు మెల్లగా.

ఏసుదాసు వాళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూశాడు. బాగుచెయ్యకుండా తెస్తే దొంగే, బాగుచేసి తెచ్చినా దొంగే. చక్రం అక్కడ వదిలేసి ఇంటికి పోతే అందరికీ తేలిక. ఇంజనీరు గారి ముందు ఎవరూ మాట పడక్కర్లేదు. అతను వంగి వాల్వు నొక్కాడు. గాలి సుయ్యిమని పోవడం మొదలెట్టింది.

"ఏం చేస్తున్నావు?" కామేశ్వరరావు గాభరాపడ్డాడు. "ఇంజనీరు గారు పది గంటలకి వస్తారు."

"మీరు దగ్గరుండి చూడండి బాబుగారూ. బంగారరాజు గారూ, జీపులో వెళ్ళి నా పంపూ, పట్టీలూ పట్రండి. మా ఆవిణ్ణి తాడు తీసుకురమ్మనండి."

అరగంటలో అన్నీ వచ్చాయి. కూలీలు మళ్ళీ చుట్టూ చేరారు. ఏసుదాసు అందరి ఎదుటా అంచు ఊడదీసి, టైరు బయటికి లాగి, కామేశ్వరరావు ముందు పెట్టాడు. ఆయన లోపలికి చూశాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి, తడి రబ్బరులో చెయ్యి పెట్టి చుట్టూ తడిమాడు. రిమ్ముని ఎత్తి చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు.

"మరి ఇప్పటిదాకా గాలి ఎందులో ఉంది?" అన్నాడు.

"ఇందులోనేనండి."

"దేన్లో?"

"ఈ ఖాళీలోనండి."

ఏసుదాసు మళ్ళీ సబ్బు రాశాడు. రమణమ్మ తాడు చుట్టి, కర్ర మెలిపెట్టి, అందరూ చూస్తున్నారన్న సిగ్గుతో తల వంచుకుని పట్టుకుంది. మొదటిసారి గాలి నిలవలేదు. ఎవరో నవ్వారు. రెండోసారీ నిలవలేదు. గురువారం నాడు తను చేసింది కల కాదు గదా అనిపించింది ఏసుదాసుకి. రమణమ్మ తాడు విప్పి, ఇంకో రెండు వేళ్ళు పక్కకి జరిపి, మళ్ళీ బిగించింది. "ఇప్పుడు కొట్టు," అంది. బంగారరాజు వచ్చి పంపు అందుకున్నాడు. టక్కుమంది. ఇంకోసారి టక్కుమంది. తాడు విప్పేశారు. టైరు నిండుగా నిలబడింది.

ఏసుదాసు తడిగుడ్డతో సబ్బు నురగ తుడుస్తుంటే కామేశ్వరరావు దగ్గరికి వంగాడు. టైరు పక్కన ఉబ్బెత్తుగా ఇంగ్లీషు అక్షరాలున్నాయి. వాటి మీద వేలు పెట్టి, ఒక్కొక్కటే కూడబలుక్కున్నట్టు పెదాలు కదిపాడు. వేలు మళ్ళీ మొదటికి తెచ్చి ఇంకోసారి చదివాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఏం రాసుందండి?" అని అడిగాడు బంగారరాజు.

"ట్యూబ్‌లెస్ అని. ట్యూబు లేనిదని."

"అలాగని రాస్తారాండీ టైరు మీద?" అన్నాడు ఏసుదాసు.

"రాసేరు. నేనే చూళ్ళేదు." కామేశ్వరరావు నిలబడి చేతులు తుడుచుకున్నాడు. "ఏసుదాసు గారూ, నాకు తెలీలేదండి. ఉద్యోగం పోతుందన్న భయంలో..." అని ఆగిపోయాడు.

ఏసుదాసుకి ఫరవాలేదండీ అనడానికి నోరు రాలేదు. తప్పు మీదేనండీ అనడానికీ రాలేదు. ఎందుకంటే ట్యూబు లేకుండా గాలి నిలవదని మొదట ఒప్పుకున్నది తనే. "నాకూ తెలీలేదు గదండీ," అని మాత్రం అన్నాడు.

ఇంజనీరు వచ్చే వేళకి చక్రం బండికి బిగించేశారు. బంగారరాజు జీపులో దింపుతానంటే వద్దని, భార్యాభర్తలిద్దరూ కాలవ గట్టు పట్టుకుని నడిచారు. పంపు అతని భుజాన, తాడు ఆమె భుజాన. కోతలైన చేలల్లో పనలు ఆరుతున్నాయి.

"మరి ట్యూబు లేకుండానే గాలి నిలిస్తే," అంది రమణమ్మ, "మనం సైకిళ్ళకీ రిక్షాలకీ ట్యూబులెందుకు వేస్తున్నాం?"

ఏసుదాసు సమాధానం చెబుదామని నోరు తెరిచాడు. ముప్పై ఏళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న. ట్రాక్టరు గురించి ఆలోచించాడు, రిక్షా గురించి ఆలోచించాడు. వంతెన దాకా వచ్చినా ఏదీ తేలలేదు.

"తెలీదు," అన్నాడు. "రేపొక సైకిలు చక్రం విప్పి చూడాల."

"రోజూ విప్పుతూనే ఉంటావు గదా?"

"ఉంటాను," అని ఒప్పుకుని, పంపు ఇంకో భుజానికి మార్చుకున్నాడు.